తక్కిన పుటలు

డిగ్రీ ఫలితాలు వెలువడిన వారంలో అధ్యాపకుల గదికి రెండు రకాల విద్యార్థులు వస్తారు. మిఠాయి పొట్లంతో నేరుగా లోపలికి వచ్చేవారు మొదటి రకం. గుమ్మం వద్దనే నిలబడి, గదిలోని తక్కినవారు వెళ్లిపోయేదాకా వేచి ఉండేవారు రెండవ రకం. ఈ రెండవ రకంవారు అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈ మార్కులతో నాకు పై చదువు వస్తదా?" నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కళాశాలల్లో ముప్పై ఏళ్లుగా తెలుగు బోధిస్తూ ఈ ప్రశ్నను ఎన్నిసార్లు విన్నానో లెక్క చెప్పలేను. దీనికి ఓదార్పు మాటలు సమాధానం కావు. వివరంగా చెప్పవలసిన సమాధానం ఒకటి ఉంది.

ముందుగా మన నేలను గురించి రెండు మాటలు. కృష్ణ ఒరుసుకొని పారుతున్నా గుక్కెడు నీటికి ఆకాశం వైపు చూసిన మెట్ట ప్రాంతమిది. పొట్ట చేతపట్టుకొని పనులకు వెళ్లిన ఇక్కడి ప్రజలకు దేశమంతటా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర 'పాలమూరు లేబరు' అనే పేరు స్థిరపడింది. తల్లిదండ్రులు వలస పోతే తాతమ్మల దగ్గర పెరిగిన పిల్లలు, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి కళాశాలకు వచ్చే పిల్లలు నా తరగతుల్లో ఎప్పుడూ ఉన్నారు. ఇంటర్మీడియట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఆంగ్ల మాధ్యమంలో పడినవారికి మొదటి సంవత్సరం ఎదురీతే. ఇవి సాకులు కావు, కారణాలు. అయితే కారణాలను మార్కుల పత్రంలో ముద్రించరు. అక్కడ ఉండేది అంకె మాత్రమే.

ఆ అంకె ఎట్లా పుడుతుందో తెలుసుకోవడం మొదటి పని. మన రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలు 2016 నుంచి డిగ్రీలో క్రెడిట్ల విధానాన్ని అనుసరిస్తున్నాయి. ప్రతి పేపరులో వచ్చిన గ్రేడు పాయింట్లను ఆ పేపరు క్రెడిట్లతో హెచ్చించి, అన్నింటినీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే వచ్చేదే సగటు. దానిని పదికి లెక్కిస్తారు. ఒక విద్యార్థికి మొదటి రెండు సెమిస్టర్లలో 5 చొప్పున, తరువాతి నాలుగింటిలో 8 చొప్పున వచ్చాయనుకోండి. క్రెడిట్లు సమానమైతే అతని సగటు 7. వేరొకరికి మొదటి రెండింటిలో 8 చొప్పున, తరువాతి నాలుగింటిలో ఆరున్నర చొప్పున వచ్చాయి. అతని సగటూ ఏడే. ఒకరు మెట్లెక్కుతున్నారు, మరొకరు దిగుతున్నారు. సగటు ఈ ఇద్దరినీ ఒకే మెట్టుమీద నిలబెట్టి చూపుతుంది. కనుక పై చదువుకు దరఖాస్తు చేసేటప్పుడు సగటును మాత్రమే చూపక, చివరి రెండు సంవత్సరాల ఫలితాలను, ప్రధాన విషయంలోని ఫలితాలను విడిగా చూపాలి. విదేశీ విశ్వవిద్యాలయాలలో కూడా చాలాచోట్ల చివరి రెండేళ్ల చదువును ప్రత్యేకంగా పరిశీలించే ఆచారం ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలో నాలుగుకు లెక్కించే పద్ధతి ఉన్నదని విని, మన శాతాన్ని ఇరవై అయిదుతో భాగించి తమ సగటు రెండే అని దిగులుపడే పిల్లలను చూశాను. ఆ లెక్క సరైనది కాదు. మన దేశంలో అరవై శాతం అంటే ప్రథమ శ్రేణి. అక్కడ అరవై శాతం అంటే గట్టెక్కడమే కష్టం. కొలపాత్రలు వేరైనప్పుడు గింజల లెక్క ఒకటి కాదు. మార్కులు ఏ పద్ధతిలో వచ్చాయో ఆ పద్ధతిలోనే రాసి, మార్పిడిని ఆ విశ్వవిద్యాలయానికో, అందుకోసమే ఉన్న మూల్యాంకన సంస్థలకో విడిచిపెట్టడం మంచిది.

ఇప్పుడు నేనెరిగిన ఒక విద్యార్థిని గురించి చెబుతాను. పేరు చెప్పను. మర్రిగూడ ప్రాంతపు కుర్రవాడు. రసాయనశాస్త్రం ప్రధాన విషయంగా బి.ఎస్సీ. చదివాడు. నేనతనికి ద్వితీయ భాషగా తెలుగు చెప్పాను, జాతీయ సేవా పథకం అధికారిగా కూడా ఉన్నాను. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి అతని తండ్రి నడుము వంగిపోయింది. నలభై అయిదేళ్లకే ఆయన కర్ర లేనిదే లేవలేకపోయేవాడు. ఇల్లు గడవడానికి ఈ కుర్రవాడు చౌటుప్పల్ వైపున్న ఒక కర్మాగారంలో రాత్రి పని చేసి, పొద్దున తరగతికి వచ్చేవాడు. మొదటి సంవత్సరం రెండు పేపర్లు పోయాయి. 2011లో డిగ్రీ ముగిసేనాటికి మొత్తం మీద యాభై రెండు శాతం వచ్చింది.

ఫలితాలు వచ్చిన నెలకు ఒక కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. విదేశాలకు పంపుతామని చెప్పే ఒక సలహా సంస్థవారు రాసి ఇచ్చిన సిఫారసు లేఖ అది. ఇతడు తరగతిలో మొదటి అయిదు శాతంలో నిలిచాడనీ, ప్రయోగశాలలో రెండేళ్లు పరిశోధన చేశాడనీ అందులో ఉంది. కింద నా సంతకానికి ఖాళీ విడిచారు.

"సార్, మీరు సంతకం పెడ్తె సాలు. మిగతదంత వాళ్లే సూసుకుంటరట" అన్నాడు.

లేఖను రెండుసార్లు చదివాను. "ఈ కాగితంలో ఉన్న కుర్రవాడిని నేనెరుగను. నిన్నెరుగుదును. నిన్ను గురించి రాయమంటే రాస్తాను" అన్నాను.

అతని ముఖం వాడిపోయింది. "ఉన్నదున్నట్టు రాస్తె నన్నెవరు తీసుకుంటరు సార్?" అని వెళ్లిపోయాడు.

అతడడిగినది చిన్న ప్రశ్న కాదు. నిజం చెబితే తలుపు మూసుకుంటుంది, అబద్ధం చెబితే తెరుచుకుంటుంది అని లోకం ఒక పేదపిల్లవాడికి నేర్పితే, ఊరికే నీతిపద్యం చదివి తృప్తిపడే అధికారం గురువుకు లేదు. నిజంతోనే తెరుచుకునే తలుపు ఎక్కడుందో చూపగలగాలి.

ఆ సమయంలో నాకు మన జిల్లావాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి గుర్తుకు వచ్చాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకరు తేల్చివేసినప్పుడు ఆయన వాదులాటతో సరిపెట్టలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాశాడు. కవులను వెదికాడు, వారి పద్యాలను సేకరించాడు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించాడు. సున్న అన్నవారి ముందు 354 ఉంచాడు. ఇతరులు మన మీద వేసిన అంకె తప్పని గట్టిగా అరిస్తే చెరిగిపోదు. దాని పక్కన మరొక అంకెను, మరొక సాక్ష్యాన్ని ఉంచాలి. దరఖాస్తు అంటే నా దృష్టిలో అటువంటి సంచిక. అందులో మార్కుల పత్రం ఒక పుట. తక్కిన పుటలను మనమే నింపాలి.

మూడు వారాల తరువాత ఆ కుర్రవాడు మళ్లీ వచ్చాడు. ఆ లేఖ చేతిలో లేదు. ఇద్దరం కూర్చొని, అతని దగ్గర నిజంగా ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాశాము. అప్పుడు బయటపడిన వస్తువు ఒక నోటుపుస్తకం. రెండవ సంవత్సరంలో మేము ఒక గ్రామంలో ఏడు రోజుల సేవా శిబిరం నడిపాము. తక్కినవారు వీధులు శుభ్రం చేస్తుంటే ఇతడు బోరుబావుల లెక్క రాశాడు. ఏ బోరు ఎంత లోతు, ఏ ఇంటివారు ఏ నీళ్లు తాగుతున్నారు, ఎవరి పళ్లమీద గారలు ఉన్నాయి అన్నీ అందులో ఉన్నాయి. ఒకే వీధిలోని రెండు బోర్లలో ఫ్లోరైడు ఒకేలా ఎందుకు లేదని అతడు నన్నడిగిన సంగతి నాకు బాగా జ్ఞాపకం. తెలుగు అధ్యాపకుణ్ణి, నాకేం తెలుసు? రసాయనశాస్త్ర అధ్యాపకుని దగ్గరకు పంపాను. ఆయన నమూనాలు తీయడం, కొలవడం నేర్పాడు. శిబిరం ముగిసినా ఇతడు ఆపలేదు. ఇరవై ఆరు బోరుబావుల నీళ్లను వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పరీక్షించి తేదీలతో సహా రాసుకున్నాడు.

ఫ్లోరైడును తొలగించడానికి నాగపూర్‌లోని 'నీరీ' సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ఒక విధానానికి మన జిల్లా పేరే ఉంది. పటిక, సున్నం కలిపి, ఫ్లోరైడును మడ్డితోపాటు అడుగుకు దింపే ఈ 'నల్గొండ టెక్నిక్'ను ఆఫ్రికా దేశాల్లో సైతం వాడారు. "మరి ఆ మడ్డిని ఏం జేస్తరు సార్? మల్ల భూమిల్నే పోస్తే ఎట్ల?" అని కుర్రవాడు అడిగాడు. ఇది పరిశోధకుడు వేయవలసిన ప్రశ్న. యాభై రెండు శాతం మార్కుల పత్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు.

ఆ తరువాత అతడు నడచిన దారిని వరుసగా చెబుతాను. ఎందుకంటే మీలో ఎవరికైనా అది అవసరం కావచ్చు.

మొదట అతడు విదేశ ప్రయత్నాన్ని పక్కన పెట్టాడు. మన మూడేళ్ల డిగ్రీని చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు తమ నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా లెక్కించవు. పైగా మన దగ్గర పి.జి. ప్రవేశం ప్రధానంగా ప్రవేశ పరీక్షలోని ర్యాంకును బట్టి లభిస్తుంది. డిగ్రీలో కనీస శాతం ఉంటే పరీక్ష రాయవచ్చు, సీటును నిర్ణయించేది ర్యాంకే. ఇప్పుడు రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి ఆ పరీక్షను సి.పి.గెట్ అనే పేరుతో నిర్వహిస్తున్నారు. అంటే పాత అంకె గడపదాకా తోడు వస్తుంది, లోపలికి పంపేది కొత్త అంకె. అతడు ఒక సంవత్సరం రాత్రి పని మానకుండానే చదివి ర్యాంకు తెచ్చుకున్నాడు. ఎం.ఎస్సీ.లో చేరాడు.

రెండవది, ఎం.ఎస్సీ.ని అతడు కొత్త పుటగా భావించాడు. భారతాంధ్రీకరణంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయిన సంగతి మీరు చదివే ఉంటారు. ఎఱ్ఱన ఆ లోటును పూరించడానికి ఆదిపర్వం దాకా వెనక్కి వెళ్లలేదు. ఆగిన చోటనే అందుకొన్నాడు. జరిగిపోయిన మొదటి సంవత్సరాన్ని ఎవరూ తిరిగి రాయలేరు. ఆగిన చోటు నుంచి బాగా రాస్తే చదివేవాడు ముందుకు సాగుతాడు. ఎం.ఎస్సీ.లో అతనికి డెబ్భై శాతం దాటి వచ్చింది. అధ్యాపక వృత్తికి, పరిశోధనకు అర్హత నిచ్చే నెట్ పరీక్షకు కావలసింది పి.జి.లో 55 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 50 శాతం. అక్కడ డిగ్రీ శాతాన్ని అడిగేవారు లేరు.

మూడవది, తన ఉద్దేశాన్ని తెలిపే వ్యాసం. మన ప్రబంధ కవులకు ఈ విద్య బాగా తెలుసు. కావ్యానికి ముందు అవతారిక రాసి, తామెవరో, ఈ కృతిని ఎందుకు చేపట్టారో, తమకు ముందు నడిచిన కవులెవరో చెప్పేవారు. దరఖాస్తు వ్యాసం కూడా ఒక అవతారికే. పూర్వకవి స్తుతికి బదులు ఆ రంగంలో ముందు పనిచేసినవారిని చదివామని చూపాలి. కుకవి నింద మాత్రం పనికిరాదు. పరీక్షలు దిద్దినవారినీ, కళాశాలనూ, విధినీ నిందిస్తూ రాసిన వ్యాసం చదివేవారికి జాలి కలిగించవచ్చు, నమ్మకం కలిగించదు. ఈ కుర్రవాడు మొదట తన కష్టాలను మూడు పుటలు రాశాడు. వాటిని నాలుగు వాక్యాలకు కుదించాము. రాత్రి పని చేశాను, భాష మారింది, రెండు పేపర్లు పోయాయి, మరుసటి ఏడు వాటిని పూర్తి చేశాను. అంతే. మిగిలిన పుటన్నర నీళ్లను గురించి, మడ్డిని గురించి రాశాడు.

నాలుగవది సిఫారసు లేఖ. ఈసారి నేను రాశాను. అతడు మొదటి అయిదు శాతంలో ఉన్నాడని రాయలేదు. మొదటి సంవత్సరంలో వెనుకబడ్డాడనే రాశాను. రాత్రి పని నుంచి వచ్చి మొదటి గంటకు హాజరయ్యేవాడని, శిబిరంలో ఎవరూ చెప్పకుండానే బావుల లెక్క మొదలుపెట్టాడని, శిబిరం ముగిసిన తరువాత కూడా కొనసాగించాడని రాశాను. నేను కళ్లారా చూసిన సంగతులు తప్ప ఒక్క మాట చేర్చలేదు. మెచ్చుకోలు మాటలు అందరి లేఖల్లోనూ ఉంటాయి. చూసిన సంగతి మాత్రం ఒక్కరి లేఖలోనే ఉంటుంది.

అన్ని తలుపులూ తెరుచుకున్నాయని చెబితే అది అసత్యమవుతుంది. ఎం.ఎస్సీ. తరువాత అతడు అయిదు విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేశాడు. నాలుగు కాదన్నాయి. అయిదవది మాట్లాడడానికి పిలిచింది. ఈలోగా అతడు సి.ఎస్.ఐ.ఆర్. వారి పరీక్షలో ఫెలోషిప్పు సంపాదించాడు. మంచం పట్టిన తండ్రిని విడిచి వెళ్లలేక ఇక్కడే పరిశోధనలో చేరాడు. ముఖాముఖిలో ఒక ఆచార్యుడు డిగ్రీ శాతాన్ని చూసి, "ఇదేమిటి?" అని అడిగాడట. కుర్రవాడు నాలుగు వాక్యాలూ చెప్పి, నోటుపుస్తకం బల్లమీద పెట్టాడు. తరువాతి అరగంట వారు మార్కుల మాట ఎత్తలేదని, బోర్ల లోతును గురించే అడిగారని నాకు చెప్పాడు. 2015 తరువాత మిషన్ భగీరథ పథకంతో ఆ గ్రామాలకు కృష్ణా జలాలు నల్లాల ద్వారా చేరసాగాయి. అయితే కొత్త నీళ్లు వంగిన నడుములను నిటారు చేయలేవు. కొడుకు డాక్టరేటు పట్టా ఇంటికి తెచ్చిననాడు ఆ తండ్రి మంచం మీద ఉండే దాన్ని తడిమి చూశాడు. ఆయనకు చదువు రాదు.

ఇది ఒక్క పల్లెటూరి కుర్రవాడి కథే అనుకోకండి. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురైనందువల్ల ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ తక్కువ పట్టాతోనే హార్వర్డుకు చేరి, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న కొలువు చేశాడు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గురించిన పరిశోధనను వెలువరించాడు. 1930లో డాక్టరేటు పొందాడు. ఆయన తక్కువ పట్టాను ఎవరూ పెద్దది చేయలేదు. దాని పక్కన ఆయన పెట్టిన పని పెద్దదైంది.

అబద్ధపు లేఖల మాట ఒక్కసారి తిరిగి చెప్పాలి. తప్పుడు పత్రాలతో సంపాదించిన ప్రవేశాన్ని ఎన్నేళ్ల తరువాత బయటపడినా రద్దు చేయవచ్చు. భయం ఒక్కటే కారణం కాదు. ఆ సలహా సంస్థ కాగితంలో రాత్రి పని లేదు, తండ్రి నడుము లేదు, ఇరవై ఆరు బోర్లు లేవు. అబద్ధం కుర్రవాడి తక్కువ మార్కులను కప్పిపెట్టబోయి, అతని దగ్గరున్న ఒక్క గొప్ప వస్తువును కూడా కప్పిపెట్టింది.

ఈ పాఠం చదువుతున్న మీరు ఇంకా ఇంటర్మీడియట్‌లోనే ఉన్నారు. మీ డిగ్రీ మార్కుల పత్రం ఇంకా అచ్చు కాలేదు. బాగా చదవండి. మార్కులు రావడం మంచిదే, అవి చాలా తలుపులను తేలికగా తీస్తాయి. అయినా ఏదో ఒక సంవత్సరం ఇంట్లో జబ్బో, కరువో, వలసో మీ చదువుకు అడ్డు రావచ్చు. ఆ సంవత్సరంలోనే వెళ్లి మీ గురువుతో చెప్పండి, ఫలితాలు వచ్చేదాకా ఆగకండి. చెప్పకపోతే గురువుకు తెలియదు. తెలియనివాడు రేపు మీ కోసం లేఖలో ఏమి రాయగలడు? మీ ఊళ్లో మిమ్మల్ని నిలువనీయని ప్రశ్న ఏదైనా ఉంటే, అది చెరువును గురించైనా, పంటను గురించైనా, పాత శాసనాన్ని గురించైనా, ఒక నోటుపుస్తకం కొని, తేదీ వేసి, ఈ రోజు చూసినది ఈ రోజే రాయడం మొదలుపెట్టండి.